ఐబ్ మీద రంగు పూయకండి



ఇల్లు అమ్మాలనుకోగానే మనవాళ్లు మొదట పిలిచేది పెయింటర్‌ని. తర్వాత టైల్స్ మేస్త్రీని. "కాస్త రౌనక్ వస్తే రేటు పెరుగుతుంది భాయ్" అని దల్లాల్ చెవిలో ఊదుతాడు. నేనంటాను: ఈ ఖర్చులో సగం ఫుజూల్, మిగతా సగం ధోఖా.

ఫుజూల్ సంగతి ముందు చూద్దాం. ధర్మవరంలో మగ్గం గుంట పూడ్చి, పైన టైల్స్ పరిచి, కొత్త ఇల్లులా చూపిస్తారు. కొనడానికి వచ్చేవాడు నేతపని వాడైతే? అతనికి కావలసింది ఆ గుంటే. నేతపని వాడు కాకపోయినా, సరిగా దిమ్మిస కొట్టని మట్టి కుంగితే టైల్స్ పగులుతాయి. పెనుకొండది ఇంకో బీమారి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి "కంపెనీవాళ్లు వస్తారు" అనే ఖయాల్. వాళ్ల కోసమని కిచెన్‌లో అల్మారాలు మెరిపిస్తారు, బాత్రూమ్ నీళ్లు పోయే దారి మాత్రం బాగుచేయరు. కాపురం ఉండబోయే మనిషి చూసేది నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి. అల్మారా అతని పసంద్, అతనే చేయించుకుంటాడు.

ఇక ధోఖా. హిందూపురం పాత గల్లీల్లో మట్టి మిద్దెలు ఇంకా ఉన్నాయి. మిద్దె కారి గోడకు నెమ్ము పడుతుంది. ఆ గోడకు పుట్టీ పెట్టి రంగు కొడితే వానాకాలం దాకా మెరుస్తుంది. ఆలోపు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. మదీనా బజార్‌లో రసూలుల్లాహ్ (స.అ.స.) ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, అడుగున తడి చూసి, అమ్మేవాణ్ణి నిలదీసిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. తడి గింజలకు వర్తించింది తడి గోడకు వర్తించదా?

దీన్ మాట అలా ఉంచండి, కానూన్ కూడా ఇదే అంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో అతను కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పి తీరాలి.

"అందరూ ఇలాగే అమ్ముతున్నారు, సచ్ చెబితే మాకే నుక్సాన్" అంటారా? ఐబ్ ముందే చెబితే బేరం దానికొక్కదానికే జరుగుతుంది. అతను తెచ్చుకున్న మేస్త్రీ గోడ గీకి బయటపెడితే మీ ప్రతి మాటా షక్‌లో పడుతుంది. కాబట్టి హిసాబ్ సులువు. ఐబ్ తీసే మరమ్మతు చేయించండి: మిద్దె కారడం, పైపుల లీకు, ప్రమాదకరమైన వైరింగ్, నిండిపోయిన సెప్టిక్ ట్యాంకు. తర్వాత శుభ్రంగా కడిగి సున్నం కొట్టినా చాలు. అంత తాహత్ లేకపోతే, ఉన్నది చెప్పి ఆ మేరకు ధర తగ్గించండి.

సెక్షన్ 55 గోడల గురించే కాదు, హక్కులో లోపం గురించి కూడా మాట్లాడుతుంది. మన ఇళ్లలో అతి పెద్ద ఐబ్ అక్కడే ఉంది. కాగితాలు ఇంకా మర్హూమ్ అబ్బా పేరుమీదే. అన్నదమ్ములు రంగులకు లక్షలు పెడతారు, చెల్లెళ్ల విరాసత్ హిస్సా మాత్రం మాట్లాడరు. కొడుకు వాటాలో సగం కూతురిది, పిల్లలున్న ఇంట్లో అమ్మీకి ఎనిమిదో వంతు. ఇది మీరిచ్చే ఖైరాత్ కాదు, అబ్బా ఇంతెఖాల్ అయిన రోజే వాళ్లకు చేరిన హక్కు. "పెళ్లిలో ఇచ్చేశాం" అంటే అది తీరిపోదు. పెళ్లి ఖర్చు వేరు, విరాసత్ వేరు. ఈద్‌కు వచ్చిన చెల్లెలి చేత చదివించకుండా పెట్టించుకున్న సంతకం రంగు కింద నెమ్ము లాంటిదే. ఏదో ఒక రోజు పొక్కుతుంది, అప్పుడు కోర్టు మెట్లెక్కేది కష్టార్జితం పోసి కొన్న ఆ ఖరీదుదారు.

పెయింటర్‌కు ఫోన్ చేసే ముందు మిద్దె మీద రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. బీరువా తీసి దస్తావేజు ఎవరి పేరున ఉందో చూడండి. తర్వాత ఆపాకు, చెల్లెలికి ఫోన్ చేసి, వాళ్ల హిస్సా ఎంతో మీ నోటితో చెప్పండి.