వడ్డించడం వేరు, తినిపించడం వేరు

యాయీరు కుమార్తె లేచి నడిచిన ఆ క్షణాన ఇంట్లో ఉన్నవారంతా విస్మయంలో మునిగిపోయారు. చనిపోయిన 12 ఏళ్ల పిల్ల కళ్ల ముందే తిరుగుతుంటే ఎవరికి మాత్రం నోట మాట వస్తుంది? కాని ఆ పిల్లకు ఆకలి వేస్తుందన్న సంగతి యేసుప్రభువుకు గుర్తుంది. ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు (మార్కు 5:43). ప్రాణమిచ్చిన ప్రభువు పిల్ల కడుపు సంగతి మరిచిపోలేదు.

ఆ చిన్న మాట విలువ మాకు అనకాపల్లిలో ఒక చేపలతొట్టె ముందు తెలిసింది. గృహకూడిక కోసం ఒక విశ్వాసి ఇంటికి వెళ్లాం. వాళ్లబ్బాయి ఉప్పునీటి అక్వేరియం పెట్టాడు. అందులో కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అనే చేప ఉంది. తెల్లని ఒంటి మీద నారింజ పట్టీలు, సూదిలా సాగిన మూతి. అండమాన్ సముద్రం నుంచి ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల దగ్గర బతికే జాతి. చూడముచ్చటగానే ఉంది గాని, పొట్ట లోపలికి పోయింది, వీపు కత్తి అంచులా పలచబడింది. రోజూ మేత వేస్తున్నా ముట్టడం లేదట. ‘ఎంత పొగరో దీనికి!’ అన్నాం నవ్వుతూ.

‘పొగరు కాదు అయ్యగారూ’ అన్నాడు ఆ అబ్బాయి. ‘సముద్రంలో ఇది రాతి సందుల్లో మూతి పెట్టి చిన్న చిన్న పురుగుల్ని ఏరుకుని తింటుంది. నీటి మీద తేలే పొడి మేత తిండి అని దీనికి తెలియదు. తెలుసుకునేలోగా దూకుడు చేపలు ఊడ్చేస్తాయి. పైగా కొత్త చోటు, బెదురు. కడుపులో జబ్బు ఉన్నా తినదు. అదీ చూడాలి.’

అతడు మేత మానేయలేదు, పద్ధతి మార్చాడు. గుల్ల విప్పి మాంసంతో సహా రాళ్ల మధ్య ఇరికించాడు. మన తీరంలోని రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా గుడ్లనే ఉప్పునీటిలో పొదిగించి, ఆ ప్రాణమున్న పిల్లల్ని గొట్టంతో దాని మూతి దగ్గర వదిలాడు. ఒకేసారి కాదు, రోజుకు నాలుగైదుసార్లు, కొంచెం కొంచెం. దూకుడు చేపలకు అడ్డుగా మధ్యలో పలక పెట్టాడు. తినగా మిగిలింది నీరు పాడవకుండా తీసేశాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా సంఘంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఉంది. ఆరాధన మానదు, చివరి వరుసలో కూర్చుంటుంది. పాట పాడదు, బైబిలు తెరవదు. కొందరికి వాక్యమంటే ఆకలే లేదని ఒక ఆదివారం పుల్పిట్ మీద నుంచే అన్నాం. ఆమె తల దించుకుంది. గంటసేపు వడ్డించామన్న తృప్తి మాకు మిగిలింది. ఆమె మాత్రం ఆకలితోనే ఇంటికి వెళ్లింది.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు ప్రసంగం పంపలేదు. రొట్టె, నీళ్లు పంపాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. ప్రశ్న అడిగింది ఆ తర్వాతే, 40 దినాల ప్రయాణం ముగిసి హోరేబు చేరాక (1 రాజులు 19). సేవకులమైన మేము ఆ వరుసను తలకిందులు చేశాం.

మనిషికో రుచి చొప్పున వాక్యాన్ని మార్చమంటారా అని కొందరు అడుగుతారు. దురద చెవుల వారిని గురించి పౌలు హెచ్చరించిన మాట నిజమే (2 తిమోతి 4:3). బెల్లం ఊరిలో ఉన్నాం కదా అని వాక్యానికి బెల్లం పూయనక్కరలేదు. ఆ అబ్బాయి చేపకు కావలసిన ఆహారమే పెట్టాడు. మార్చింది ముద్ద పరిమాణం, పెట్టే చోటు, పెట్టే వేళ. కొరింథీయులకు పాలతో పెంచానన్న పౌలు (1 కొరింథీ 3:2) సువార్తను పలచన చేయలేదు, పసివారి గొంతును చూశాడు. అలాగని ఎల్లకాలం పాలే పట్టమనీ కాదు. బలమైన ఆహారానికి ఎదగాలని హెబ్రీ పత్రిక చెబుతుంది (5:12-14). ఆ అబ్బాయి కూడా ఇప్పుడు మెల్లగా రొయ్య ముక్కలు అలవాటు చేస్తున్నాడు.

మేము ఆ తల్లి ఇంటికి వెళ్లాం. ముందు క్షమాపణ అడిగాం. ఆమె కొడుకు గురించి చెబుతుంటే విన్నాం. ఒక్క కీర్తన చదివి, రెండు నిమిషాలు ప్రార్థించి వచ్చాం. వారం వారం అంతే. ఆమె ఇప్పటికీ చివరి వరుసలోనే కూర్చుంటుంది. కిందటి నెల మాత్రం, మేము అడగకుండానే, తనే ఆ కీర్తన తెరిచి ఉంచింది. చేప పొట్ట కూడా కాస్త నిండింది. గండం గడిచిందని ఆ అబ్బాయి ఇంకా అనడం లేదు, మేమూ అనడం లేదు.

నా గొర్రెలను మేపమని ప్రభువు పేతురుకు ఆజ్ఞాపించాడు (యోహాను 21:15-17). గడ్డి చల్లి వెళ్లిపొమ్మనలేదు. ఈ ఆదివారం ప్రసంగం ఎంత బాగుందని కాదు, ఎవరు తినకుండా వెళ్లారని అడుగుదాం. మీ సంఘంలో చిక్కిపోతున్నవారు ఎవరు? వారికి ఆకలి లేదనే ముందు, వారి నోటికి అందేలా పెట్టామా అని మనల్ని మనం ప్రశ్నించుకుందాం.