సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? సీడీ లేకపోయినా పర్లేదు.. ఇది లేకపోతేనే అసలు తిప్పలు!

ల్యాప్‌టాప్ తక్కువ ధరకే వచ్చింది. కొత్త ఎస్‌ఎస్‌డీ వేశారు, బటన్ నొక్కగానే ఆన్ అవుతోంది. విండోస్ కూడా వాళ్లే ఎక్కించి ఇచ్చారు. ఆరు నెలలు బాగానే నడిచింది. ఓ రోజు పొద్దున చూస్తే స్క్రీన్ మీద కుడివైపు కింద మూలన ‘యాక్టివేట్ విండోస్’ అనే అక్షరాలు! షాపుకు ఫోన్ చేస్తే ‘తీసుకురండి, మళ్లీ ఎక్కిస్తాం’ అనే సమాధానం. రీఫర్బిష్డ్ కంప్యూటర్లు కొన్నవాళ్లలో చాలామందికి ఈ సీన్ తెలిసిందే.

సిటీలో ఉన్నవాళ్లకు ఇది ఓ పూట పని. కానీ జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్ల లాంటి చోట అలా కాదు. 2016లో కొత్తగా ఏర్పడిన మండలాల్లో టేకుమట్ల ఒకటి. ఇలాంటి మండల కేంద్రం నుంచి పాత కంప్యూటర్ కొనాలంటే హనుమకొండకో, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్లాలి. అదేనండీ, అందరూ సీటీసీ అని పిలిచే చోటు. అక్కడ కొన్న మిషన్ మొరాయిస్తే బ్యాగులో పెట్టుకుని మళ్లీ బస్సెక్కాలి. డిగ్రీ స్టూడెంట్ అయితే ఓ రోజు క్లాసులు పోతాయి. ఆన్‌లైన్ సెంటర్ నడిపేవాళ్లయితే ఆ రోజు గల్లా పెట్టె ఖాళీ.

సీడీలు ఎక్కడికి పోయాయి?

ఒకప్పుడు బ్రాండెడ్ కంప్యూటర్ కొంటే డబ్బాలోనే రికవరీ సీడీ వచ్చేది. సిస్టమ్ పాడైతే ఆ సీడీ వేస్తే మొదట్లో ఎలా ఉందో అలా తయారయ్యేది. తర్వాత కంపెనీలు సీడీ ఇవ్వడం మానేసి, హార్డ్ డిస్క్‌లోనే ఓ మూల రికవరీ పార్టిషన్ పెట్టడం మొదలుపెట్టాయి. రీఫర్బిష్ చేసేవాళ్లు ముందుగా పీకేసేది ఆ పాత హార్డ్ డిస్క్‌నే. దాంతో పాటే రికవరీ కూడా పోతుంది. అందుకే పాత ల్యాప్‌టాప్‌తో సీడీ రాలేదంటే అందులో మోసమేదో ఉందని కాదు.

పైగా ఇప్పుడు సీడీ అవసరం కూడా పెద్దగా లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, ఇంటర్నెట్ ఉంటే చాలు. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. దాంతో ఎవరైనా విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవచ్చు.

మరి చిక్కెక్కడ? లైసెన్స్‌లో. సీడీ అనేది బండి లాంటిది, లైసెన్స్ అనేది ఆర్సీ లాంటిది. విండోస్ ఎక్కించడం ఎవరికైనా వస్తుంది, దాన్ని నిజాయితీగా యాక్టివేట్ చేయడానికే కీ కావాలి. విండోస్ 7 వరకు ఆ కీ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చాక పెద్ద బ్రాండ్లు కీని మదర్‌బోర్డులోని చిప్‌లోనే పెట్టేయడం మొదలెట్టాయి. విండోస్ 10, 11తో వచ్చిన మిషన్ అయితే డిస్క్ మార్చినా అదే ఎడిషన్ మళ్లీ ఎక్కించి నెట్ కనెక్ట్ చేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు మారితే మాత్రం పోయినట్టే. ఇంకో మెలిక కూడా ఉంది. చిప్‌లో ఉన్నది హోమ్ కీ, షాపులో ఎక్కించింది ప్రో అయితే అది పనిచేయదు. విండోస్ 7, 8 కాలం నాటి కీలతో 10, 11 ఎక్కించుకునే దారిని మైక్రోసాఫ్ట్ 2023లోనే మూసేసింది.

అసలు ప్రమాదం ‘క్రాక్’తోనే

చిప్‌లో కీ లేకపోయినా, సరిపోకపోయినా కొందరు వాడే షార్ట్‌కట్ కేఎంఎస్ యాక్టివేటర్. పెద్ద కంపెనీల ఆఫీసు సర్వర్‌లా నటించి విండోస్‌ను నమ్మించే దొంగ సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని నడపాలంటే చాలాసార్లు ముందు యాంటీవైరస్ ఆపేయాలి. ఇంటికి తాళం తీసి దొంగను పిలిచినట్టే. ఇలాంటి యాక్టివేటర్ల పేరుతో పాస్‌వర్డులు దోచే వైరస్‌లు తిరగడం ఎప్పటినుంచో ఉన్నదే.

ఇంట్లో సినిమాలు చూసుకునే ల్యాప్‌టాప్ అయితే నష్టం ఆ ఒక్కరిదే. ఊరి ఆన్‌లైన్ సెంటర్‌లోని కంప్యూటర్ సంగతి వేరు. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, పాన్, బ్యాంక్ ఖాతా మొదటి పేజీ.. ఊరంతటి కాగితాలూ ఆ ఒక్క డెస్క్‌టాప్‌లోనే స్కాన్ అవుతాయి. వరి డబ్బులు పడ్డాయో లేదో చూడమని వచ్చిన రైతుకు ఆ మిషన్‌లో ఏం నడుస్తోందో ఎలా తెలుస్తుంది? ఖాతాలో డబ్బులు మాయమైతే ఆయన 1930కి ఫోన్ చేయాల్సిందే. సమాచారం ఎక్కడ లీకైందో మాత్రం బయటపడటం కష్టం. చట్టం కూడా ఊరుకోదు. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. వ్యాపారం కోసం కాకపోతే జరిమానాతో వదిలేసే అధికారం కోర్టుకు ఉంటుంది.

డిస్క్ వేరు, లైసెన్స్ వేరు అనే ఈ గొడవ అమెరికాలో ఒకరిని జైలుదాకా తీసుకెళ్లింది. ఈ-వేస్ట్ రీసైక్లింగ్‌లో పేరున్న ఎరిక్ లండ్‌గ్రెన్ పాత డెల్ కంప్యూటర్ల కోసం చైనాలో 28 వేల రీస్టోర్ డిస్కులు చేయించారు. లైసెన్స్ ఉన్న కంప్యూటర్లకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే కదా, పాత మిషన్లు చెత్తలోకి పోకుండా కాపాడుతున్నా అన్నది ఆయన వాదన. డిస్కుల మీద అసలు కంపెనీ లేబుళ్లే వేశారు, ఇది నకిలీ సరుకు అన్నది మైక్రోసాఫ్ట్ మాట. నేరం ఒప్పుకున్న ఆయనకు 15 నెలల జైలు, 50 వేల డాలర్ల జరిమానా పడింది. 2018 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. శిక్ష మరీ ఎక్కువైందని చాలామంది అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. పాత కంప్యూటర్‌కు ఇంకో ఐదేళ్లు ఆయుష్షు పోయడం మంచి పనే కదా!

ఇక ఇప్పుడు మార్కెట్‌లో పాత ల్యాప్‌టాప్‌లు ఇంత చౌకగా ఎందుకు దొరుకుతున్నాయంటే, దానికో కారణం విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే అధికారికంగా పనిచేస్తుంది. ఆఫీసులు వదిలించుకున్న 6, 7వ జనరేషన్ మిషన్లన్నీ ఈ మార్కెట్‌కే చేరుతున్నాయి. ప్రాసెసర్ పేరులో ఐ5 పక్కన ఉన్న నంబర్ 7తో మొదలైతే అది 7వ జనరేషన్. వాటిలోనూ అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తారు. కానీ అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు.

అందుకే షాపులోనే, డబ్బులు ఇవ్వకముందే ఓ పది నిమిషాలు కూర్చోవాలి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఓ స్పేస్ ఇచ్చి, స్లాష్, ఎక్స్‌పీఆర్ అని టైప్ చేస్తే చిన్న బాక్స్ వస్తుంది. ఫలానా తేదీకి ఎక్స్‌పైర్ అవుతుందని చూపిస్తే కేఎంఎస్ అని అనుమానించాల్సిందే. పర్మనెంట్ అని వచ్చినా అంతా క్లియర్ అనుకోవద్దు, దాన్నీ మాయ చేసే క్రాక్‌లు ఉన్నాయి. ఆ తర్వాత నెట్ కనెక్ట్ చేసి, మిషన్‌ను ఒకసారి రీసెట్ చేసి చూపించమనండి. కంపెనీల నుంచి వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లు రీసెట్ చేయగానే పాత ఆఫీసు పేరు చూపించి, అక్కడి ఉద్యోగి లాగిన్ అడుగుతాయి. ఆ తాళం తీయాల్సింది ఆ పాత కంపెనీయే, మెకానిక్ పని కాదు.

చదువుకోడానికే అయితే విండోస్ కోసం ఇంత తంటాలు పడక్కర్లేదు కూడా. ఉబుంటు, లినక్స్ మింట్ ఉచితం, కీతో పనే లేదు. కేరళ ప్రభుత్వ స్కూళ్లలో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు నడుస్తున్నాయి. ఆన్‌లైన్ సెంటర్లకు మాత్రం ఈ సలహా అంత తేలిగ్గా పనికిరాదు. వేలిముద్ర మిషన్లు, డిజిటల్ సంతకం డాంగిల్స్, తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు.. వీటిలో ఎక్కువ భాగం విండోస్‌నే నమ్ముకుని ఉన్నాయి.

బిల్లు మాట మర్చిపోవద్దు. మోడల్, సీరియల్ నంబర్‌తో పాటు ‘ఒరిజినల్ విండోస్ లైసెన్స్‌తో’ అని రాయించుకోవాలి, ఏ ఎడిషనో కూడా. రాయడానికి షాపు వాళ్లు వెనకాడితే ధర ఎందుకు తక్కువో అర్థమైపోతుంది. రాసిచ్చి మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కాకపోతే చేతిలో ఉన్నది ఫోన్ నంబర్ రాసిన తెల్ల చీటీ అయితే అక్కడ చూపించడానికి ఏమీ ఉండదు.