దవడ అతికితే చాలదు, ముద్ద దిగాలి

భారతదేశంలో 2022లో సుమారు 1.43 లక్షల మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చిందని గ్లోబోకాన్ అంచనా. ఇక్కడ ఈ వ్యాధి తరచుగా బుగ్గకూ చిగురుకూ మధ్య మొదలవుతుంది. ఖైనీ, గుట్కా, వక్క గంటల తరబడి దాచుకునే చోటు అదే. కింది దవడ ఎముక దాన్ని ఆనుకునే ఉంటుంది. అందుకే చాలామందికి కణితితో పాటు ఎముకలో కొంత భాగాన్నీ తీసేయాల్సి వస్తుంది.

ఆ లోటును పూడ్చడానికి కాలి ఎముక పనికొస్తుంది. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నదైన ఫిబ్యులా శరీర బరువులో కొద్ది భాగాన్నే మోస్తుంది. రెండు కొసలూ వదిలి, నడిమి భాగాన్ని రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపుకు తగ్గట్టు ముక్కలుగా అమర్చి, టైటానియం పట్టీతో బిగిస్తారు. మైక్రోస్కోపు కింద చూస్తూ ఆ సన్నని నాళాలను మెడలోని నాళాలకు కుడతారు. దవడకు ఈ పద్ధతిని 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో వివరించారు.

మొదటి కొద్ది రోజులు ఆందోళనంతా కుట్టిన నాళాల్లో రక్తం గడ్డకడుతుందేమోననే. ఆ గండం గడిస్తే ఆపరేషన్ విజయవంతమైనట్టే లెక్క. రోగి లెక్క వేరు. ముక్కు గొట్టం తీశాక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా మింగడం, పలికిన మాట ఎదుటివారికి అర్థం కావడం, జావ నుంచి పెరుగన్నానికి రావడం అతనికి అసలు పరీక్షలు.

రేడియేషన్ అవసరమైతే, సాధారణంగా ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలంటారు. అది కండరాలను గట్టిపరుస్తుంది. ఆ బిగువు నెలలు, ఏళ్ల తర్వాత కూడా పెరగొచ్చు. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ తెరుచుకుంటే దవడ బిగుసుకున్నట్టు లెక్కిస్తారు. వక్క నమలడం వల్ల చాలామందికి చికిత్సకు ముందే నోరు బిగుసుకుని ఉంటుంది. నోరు తెరుచుకోకపోతే తిండి తగ్గుతుంది, పళ్లు శుభ్రపడవు, మళ్లీ పుండు పడినా లోపలికి చూడటం కష్టమవుతుంది.

దీనికి వ్యాయామం ఉంది. సర్జన్ అనుమతించాక పళ్ల మధ్య చెక్క పుల్లలు పేర్చి పెట్టుకుని, మెల్లగా ఒక్కో పుల్ల పెంచుతూ పోవాలి. పుల్లలకు పెద్ద ఖర్చేమీ కాదు. కావలసిందల్లా రోజూ చేయించే మనిషి, నెలనెలా కొలిచే మనిషి. సర్జన్లే చాలని దేశంలో స్పీచ్ థెరపిస్టును ఎక్కడి నుంచి తెస్తామన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ గంటల తరబడి చేసిన ఆపరేషన్ ఫలితం పుల్లల దగ్గర నీరుగారిపోతే ఆ ఖర్చు కూడా వృథాయే. శిక్షణ ఉంటే జిల్లా ఆసుపత్రి నర్సో, ఫిజియోథెరపిస్టో ఈ వ్యాయామం చేయించగలరు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారిని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపవచ్చు.

డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా పక్కనే నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది, ఏం మింగగలుగుతున్నారు, పళ్ల డాక్టరు ఎప్పుడు చూడాలి, పొగాకు, వక్క మానేందుకు సాయం ఎక్కడ దొరుకుతుంది అన్నవీ ఉండాలి. చికిత్స ప్యాకేజీ కూడా కుట్లు విప్పిన రోజుతో ముగిసిపోకూడదు.