నెగెటివ్ వచ్చిందిగా, ఇంకా ఆయాసమేంటి?

మా మొగల్తూరు పేరు చెప్పగానే ఎవరికైనా కృష్ణంరాజు గారే గుర్తొస్తారు. 2022 సెప్టెంబరు 11న ఆయన పోయారు. కోవిడ్ తర్వాతి ఇబ్బందులతో ఆగస్టు 5న చేరారనీ, తీవ్రమైన న్యుమోనియా వచ్చిందనీ హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఆయనకి 82 ఏళ్లు. షుగరు, గుండె జబ్బు, ముందు నుంచీ ఊపిరితిత్తుల జబ్బు ఉన్న మనిషి. అంచేత అంతా కోవిడ్ మీదకే నెట్టెయ్యలేం. కానీ కోవిడ్ తగ్గాక కూడా ఏదో మిగులుతుందన్న సంగతి మా ఊళ్లో చాలామంది చెవిన పడింది అప్పుడే.

చెవిన పడింది గానీ, ఇళ్లల్లోకి వచ్చిందా అంటే నాకు అనుమానమే. ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో.

2021 వేసవిలో మా తోడికోడలు పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. దేవుడి దయ వల్ల ఇంటికొచ్చింది. రిపోర్టు నెగెటివ్ వచ్చిన వారానికే వంటింట్లోకి వెళ్లింది. దీపావళి వచ్చినా తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడ మెట్లెక్కాలంటే రెండుసార్లు ఆగేది. ఆక్సిమీటర్ పెడితే 97. ఇంకేం, "కూర్చుని కూర్చుని ఒళ్లు బరువెక్కింది" అన్నారు. అదే మగవాళ్లు చెరువు గట్టు దాకా వెళ్లి రొప్పుతూ వస్తే, "పాపం, ఇంకా కోలుకోలేదు" అంటారు!

చివరికి భీమవరంలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాం. ఆయన తనని ఆరు నిమిషాలు నడిపించారు. 97 కాస్తా 91కి దిగింది. కూర్చున్నప్పుడు కొలిస్తే కూర్చున్నప్పటి సంగతే తెలుస్తుంది కదండీ.

ఇందులో వింతేం లేదు. మన ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులుంటాయి. వాటి పల్చటి గోడల్లోంచే ఆక్సిజన్ రక్తంలోకి వెళ్తుంది. పెద్ద న్యుమోనియా వస్తే ఆ గోడలు వాచి, కొందరిలో మచ్చ కట్టి మందమవుతాయి. కూర్చున్నప్పుడు ఎలాగో సరిపోతుంది, పనిచేస్తే చాలదు. వెల్లూరు సీఎంసీ డాక్టర్లు కోవిడ్ తగ్గిన 207 మందిని సుమారు రెండు నెలల తర్వాత పరీక్షించి, 2024లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 44 శాతం మందికి ఆక్సిజన్ రక్తంలోకి చేరే శక్తి తగ్గింది. 35 శాతం మందికి ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవడం లేదు. ఇంతమందీ బద్ధకస్తులేనంటారా?

భయపెట్టాలని కాదు, చాలామందికి నెలలు గడిచేకొద్దీ మెరుగవుతుంది. కొందరికే మిగిలిపోతుంది. ఆయాసానికి రక్తహీనత కారణం కావచ్చు, గుండె కావచ్చు. ఏదన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. గొట్టంలో గట్టిగా ఊదించే పరీక్షా, ఆరు నిమిషాల నడకా పెద్ద బాధపెట్టేవి కావు. మా తోడికోడలికి డాక్టరు మందుల కన్నా ఎక్కువగా చెప్పింది శ్వాస వ్యాయామాలూ, రోజుకి కాస్త కాస్త పెంచుతూ నడకానూ. బకెట్టు మోసే పని మా మరిదికి అప్పజెప్పారు. ఏడాదికి చాలా తేరుకుంది.

మీ ఇంట్లో అప్పుడు ఆక్సిజన్ దాకా వెళ్లొచ్చిన ఆడమనిషి ఉంటే, మెట్ల మధ్యలో ఆగుతోందేమో ఒకసారి గమనించండి. తనంతట తను చెప్పదు. చెప్తే ఏమంటారో తనకి తెలుసు.