సర్టిఫికెట్‌కీ ఎక్స్‌పైరీ ఉంటుంది తమ్ముడూ!

మొన్న మల్కాపురంలో టీ తాగుతుంటే తెలిసిన కుర్రాడొకడు ఫోన్ నా చేతిలో పెట్టాడు. పెట్రోలియం ఇంజినీరింగ్ పూర్తయి ఏడాదైంది. ఇంకా ఉద్యోగం లేదు.

"అన్నా, ఈ కోర్సు చేసేస్తే గల్ఫ్‌లో రిగ్గు మీద జాబ్ గ్యారంటీ అంటన్నారు. అయిదు రోజులే. కట్టేమంటావేటి?"

స్క్రీన్ మీద హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఒకాయన ఫొటో. కింద 'వెల్ కంట్రోల్ సర్టిఫికేషన్, కొద్ది సీట్లే ఉన్నాయి' అని ఉంది. ఫీజు చూస్తే వాళ్ల నాన్న రెండు నెలల జీతం. అప్పు చేసి కడతానంటున్నారట ఇంట్లో.

ఆ కోర్సు అబద్ధం కాదు. నిజానికి చాలా మంచి కోర్సు. కానీ అది ఎవరి కోసం పెట్టారో తెలియకుండా కడితే ఆ డబ్బులు పోయినట్టే. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

రిఫైనరీ వేరు, రిగ్గు వేరు

మల్కాపురంలో పెరిగినవాళ్లకి ఆయిల్ ఉద్యోగం అంటే పక్కనున్న రిఫైనరీయే గుర్తొస్తుంది. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికొచ్చిన ఆ చిమ్నీలు చూస్తూనే స్కూలుకెళ్లారు మరి. కానీ రిఫైనరీకి వచ్చేది అప్పటికే భూమిలోంచి బయటికి తీసిన చమురు. దాన్ని తీసే పని డ్రిల్లింగ్, ప్రొడక్షన్ వాళ్లది. ఆ పని మనకి దగ్గర్లో జరిగేది కృష్ణా గోదావరి బేసిన్‌లో, అంటే కోనసీమ పొలాల్లోనూ కాకినాడ దాటాక సముద్రంలోనూ. అక్కడి లోతు నీళ్ల బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న మొదటి చమురు తీసింది.

చదువుకి కూడా దూరం పోనక్కర్లేదు. 2016లో విశాఖలోనే ఐఐపీఈ మొదలైంది. కాకినాడ జేఎన్‌టీయూలోనూ పెట్రోలియం ఇంజినీరింగ్ ఉంది. డిగ్రీ నాలుగేళ్లు. మరి ఈ అయిదు రోజుల కోర్సు ఏం నేర్పుతుంది?

మట్టినీళ్ల లెక్క

బావి తవ్వుతున్నప్పుడు పైపులోంచి 'మడ్' అనే చిక్కటి ద్రవం పంపుతూ ఉంటారు. అది తవ్విన రాతిపొడిని పైకి తెస్తుంది. అంతకంటే పెద్ద పని ఇంకోటుంది. తన బరువుతో కింద రాతి పొరల్లో ఉన్న గ్యాస్‌ని అదిమిపెడుతుంది. ఆ బరువు కోసం కలిపే పొడి మన ముగ్గురాయే. రాయలసీమలో రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దొరికే ఈ రాయి ప్రపంచంలో ఎక్కడెక్కడి బావుల్లోకో వెళ్తుంది.

లెక్క చిన్నదే. మడ్ బరువుని లోతుతో, మళ్లీ 0.052తో గుణించాలి. గ్యాలన్‌కి 10 పౌండ్ల మడ్, 10,000 అడుగుల లోతు అనుకోండి. అడుగున ఒత్తిడి 5,200 పీఎస్‌ఐ. మన బైక్ టైర్‌లో ఉండేది 30 చిల్లర. ఇప్పుడు కింద గ్యాస్ ఒత్తిడి 5,460 ఉందనుకోండి. 260 తేడా. ఆ తేడాతోనే గ్యాస్ బావిలోకి దూరుతుంది. దాన్ని 'కిక్' అంటారు. మడ్‌ని పదిన్నర పౌండ్లకి పెంచితే లెక్క సరిపోతుంది. అయితే ఈ లోతు నిట్టనిలువుగా కొలిచిన లోతై ఉండాలి. వంకరగా తవ్విన బావిలో పైపు పొడవు వేసి గుణించారంటే మొత్తం తప్పిపోతుంది. పరీక్షలో చాలామంది జారేది ఇక్కడే.

కిక్ వస్తే డ్రిల్లర్‌కి తీరిగ్గా ఆలోచించే టైముండదు. పైపు కొంచెం పైకి లేపాలి, తిప్పడం ఆపాలి, పంపు ఆపాలి, బావి దానంతటదే పారుతోందా చూడాలి. పారుతుంటే బీఓపీ అనే పెద్ద వాల్వుల దొంతర మూసెయ్యాలి. కోర్సులో ఇదంతా సిమ్యులేటర్ మీద చేయిస్తారు. మూసేయడం తేలిక. లోపలికొచ్చిన గ్యాస్‌ని అదుపు తప్పకుండా బయటికి పంపి, బరువైన మడ్ నింపడమే అసలు కష్టం.

ఆలస్యమైతే?

కోనసీమలో పెద్దవాళ్లని పాశర్లపూడి అని అడగండి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది. మంట 65 రోజులు మండింది. ఊళ్లు ఖాళీ చేయించారు. విదేశాల నుంచి నిపుణులు రావాల్సొచ్చింది. ఆ మంటల వెలుగుకి రాత్రి పగల్లా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

2010 ఏప్రిల్ 20న అమెరికా తీరంలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. అక్కడున్నవాళ్లు కొత్తవాళ్లు కాదు, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే. బావి భద్రంగా ఉందో లేదో చెప్పే ఒత్తిడి పరీక్ష ఫలితాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. ఆ తర్వాతే ప్రపంచమంతటా ఈ శిక్షణనీ పరీక్షల్నీ గట్టిగా సవరించారు.

మల్కాపురం వాళ్లకి ఈ భయం వేరే చెప్పాలా? 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో గ్యాస్ అంటుకుని దాదాపు 60 మంది పోయారు. అది బావి కాదు, నిల్వ ట్యాంకుల దగ్గర. అయినా పాఠం ఒకటే. గ్యాస్ ముందు తెలిసినవాడైనా తెలియనివాడైనా ఒక్కటే. రోజూ జాగ్రత్తగా ఉన్నవాడే మిగులుతాడు.

అందుకే ఎక్స్‌పైరీ

వెల్ కంట్రోల్‌లో బాగా పేరున్నది ఐడబ్ల్యూసీఎఫ్ సర్టిఫికెట్. డ్రిల్లర్‌కి లెవెల్ 3, సూపర్‌వైజర్‌కి లెవెల్ 4. రెండూ రెండేళ్లే చెల్లుతాయి. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి కూడా మళ్లీ క్లాసులో కూర్చుని పరీక్ష రాయాల్సిందే. ఎందుకంటే కిక్ రోజూ రాదు. రోజూ రానిదాన్ని చెయ్యి మర్చిపోతుంది. ప్రొడక్షన్ వైపు పాత బావుల్ని రిపేరు చేసేవాళ్లకి ఇలాంటిదే వేరే కోర్సుంది. సముద్రంలోకి వెళ్లేవాళ్లకి హెలికాప్టర్ నీళ్లలో పడితే బయటపడే శిక్షణ ఉంటుంది, దాన్ని నాలుగేళ్లకోసారి తాజా చేసుకోవాలి.

ఇప్పుడు ఆలోచించండి. ఉద్యోగం లేని కుర్రాడు ఈ రోజు లెవెల్ 4 కొన్నాడు. ఉద్యోగం వెతుకుతుండగానే గడువు అయిపోతుంది. పైగా రిగ్గు మీద ఒక్క రోజూ నిలబడనివాడి చేతిలో సూపర్‌వైజర్ సర్టిఫికెట్ చూస్తే కంపెనీవాడికి అనుమానమే వస్తుంది. మామూలుగా ఈ కోర్సులకి ఉద్యోగిని పంపేది కంపెనీ, ఫీజు కట్టేది కూడా కంపెనీయే. డెహ్రాడూన్‌లో ఓఎన్‌జీసీ వాళ్ల డ్రిల్లింగ్ ఇన్‌స్టిట్యూట్ 1978 నుంచి నడుస్తున్నది అందుకే.

కట్టేముందు మూడు ప్రశ్నలు

1. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? ఇన్‌స్టిట్యూట్ సొంతంగా ప్రింట్ చేసి ఇస్తుందా, ఐడబ్ల్యూసీఎఫ్ లాంటి సంస్థ ఇస్తుందా? గుర్తింపున్న సెంటర్ల పేర్లు ఆ సంస్థ సైట్‌లోనే ఉంటాయి. మీరే చూసుకోండి.

2. నేను వెతుకుతున్న ఉద్యోగానికి ఇది అడుగుతున్నారా? ఉద్యోగ ప్రకటన తెరిచి లెవెల్ చూడండి. అడగనిదానికి అప్పు చేయొద్దు.

3. 'జాబ్ గ్యారంటీ' అని రాసి ఇస్తారా? ఈ ప్రశ్నకి చాలా ఫోన్లు అటువైపు నుంచే కట్ అయిపోతాయి.

మరి ఖాళీగా కూర్చోవాలా? అక్కర్లేదు. ఐడబ్ల్యూసీఎఫ్ లెవెల్ 1 ఆన్‌లైన్‌లో ఉచితం. ఫోన్‌లో చేసుకోవచ్చు. పైన చెప్పిన లెక్కలు రోజుకి పది చేయండి. ఓఎన్‌జీసీ, హెచ్‌పీసీఎల్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు వదలొద్దు. స్టైపెండ్ తక్కువే కావచ్చు. కానీ ప్లాంటు వాసన, షిఫ్టు క్రమశిక్షణ, పర్మిట్ లేకుండా స్పానర్ ముట్టుకోకూడదన్న బుద్ధి అక్కడే వస్తాయి. రిగ్గు మీద కాలు పెట్టాక అయిదు రోజుల కోర్సుకి వెళ్తే అక్కడ చెప్పే ప్రతి మాటా అర్థమవుతుంది.

ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి మూడో ప్రశ్న అడిగాడు. "ఆఫీసుకి రండి, మాట్లాడదాం" అన్నారు.

"రాసిస్తారా లేదా సార్?" మళ్లీ అడిగాడు. లైన్ కట్ అయింది.

వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, అప్పు తేవద్దని చెప్పాడు. ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టాడు. 'అన్నా, లెవెల్ 1 స్టార్ట్ చేశాను. 0.052 ఎక్కడినుంచి వచ్చింది?'

ఆ ప్రశ్న అడిగాడంటే దారిలో పడినట్టే.