వీసా లేని ప్రవేశము: తెఱచిన తలుపు ఎవరి కొఱకు?

మన ఉరవకొండ వంటి యూరిలో విదేశ ప్రయాణము నేడు వింత విషయము కాదు. సాలుకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో, వేరుసెనగ పండని యేటను, మగ్గము సాగని నెలలోను, జనులు బళ్లారికిని బెంగుళూరికిని పనికై పోవుట మన తాతల నాటినుండి వచ్చుచున్నదే. కదిరి, రాయచోటి ప్రాంతములనుండి కువైటునకు పోయి కుటుంబములను పోషించుకొనుచున్నవారు వేలకొలది కలరు. ఇప్పుడు దీనికి తోడుగా క్రొత్త మాట యొకటి మన యిండ్లలోనికి వచ్చినది. “ఫలాని దేశమునకు వీసా అక్కరలేదు, టిక్కెట్టు కొని విమాన మెక్కిన చాలును” అనునదియే ఆ మాట. ఇది అబద్ధము కాదు. కాని ఇందు సగము మాత్రమే చెప్పబడుచున్నది. చెప్పబడని రెండవ సగమును మన విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనవలయునని నా యభిప్రాయము.

మొదట మాటల యర్థమును స్పష్టపఱచుకొందము. పాసుపోర్టు మన ప్రభుత్వము మన కిచ్చు పత్రము. “ఈతడు మా పౌరుడు” అని అది లోకమునకు తెలుపును. వీసా యనునది ఎదుటి దేశపు ప్రభుత్వ మిచ్చు అనుమతి. “ఈతడు ఈ పని నిమిత్తము, ఇన్ని దినములు, మా దేశములో నుండవచ్చును” అని అది చెప్పును. కావున వీసా అక్కరలేదనగా ముందుగా అర్జీ పెట్టుకొని ఆ యనుమతిని సంపాదింప నక్కరలేదని మాత్రమే యర్థము. ఏ పని నిమిత్తము, ఎన్ని దినములు అను రెండు ప్రశ్నలును అట్లే నిలిచియుండును.

నేపాళము సంగతి వేఱు. 1950 జూలై 31వ తేదిని జరిగిన సంధి ననుసరించి మనవారు అచ్చటను, వారు ఇచ్చటను నివసించుటకును, వ్యాపారము చేసికొనుటకును, సంచరించుటకును పరస్పర సౌకర్యములు కలవు. విమానముపై నేపాళమునకు పోవు భారతీయుడు పాసుపోర్టునకు బదులు ఎన్నికల గుర్తింపు కార్డును చూపినను చాలును. భూటానునకు కూడ ఆ కార్డుతో పోవచ్చును. కాని చూడబోవు భారతీయుడు అనుమతిపత్రము పొంది, రాత్రి యొక్కింటికి 1200 రూపాయల రుసుము చెల్లింపవలయును. ఇవి ఇరుగు పొరుగు దేశముల నడుమ చిరకాలముగా నున్న ప్రత్యేక సంబంధములు. ఇతర దేశములు ఇటీవల చూపుచున్న సౌకర్యము ఇట్టిది కాదు.

థాయిలాండు ప్రభుత్వము 2023 నవంబరు 10వ తేదినుండి భారతీయులకు వీసా లేకుండ 30 దినముల ప్రవేశ మొసగెను. 2024 జూలై 15వ తేదినుండి ఆ గడువు 60 దినములుగా హెచ్చింపబడెను. మలేషియా 2023 డిసెంబరు 1వ తేదినుండి 30 దినముల ప్రవేశ మొసగి, దానిని 2026 డిసెంబరు 31వ తేది వఱకు పొడిగించెను. ఈ దేశము లిట్లు తలుపు లేల తెఱచెను? కరోనా వ్యాధి కాలములో యాత్రికులు లేక పూటకూళ్ల యిండ్లును, అంగళ్లును, వాహనములును వెలవెలబోయెను. మరల యాత్రికులు వచ్చి ధనము వెచ్చించిన గాని ఆ వృత్తులవారి బ్రదుకు సాగదు. కావున ఈ తలుపు ధనము వెచ్చించువారి కొఱకు తెఱవబడినది గాని ధనము సంపాదింపబోవువారి కొఱకు తెఱవబడినది కాదు. ఈ యొక్క సంగతి మనసున నాటుకొనిన యెడల తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఈ భేదమునకు చట్టమే సాక్షి. థాయిలాండులో పనికి వేఱుగ అనుమతిపత్రము కావలయును. అది లేక పనిచేసిన పరదేశికి 5,000 మొదలు 50,000 బాతుల వఱకు జరిమానాయు, దేశమునుండి వెడలగొట్టబడుటయు శిక్షలు. గడువు దాటి యుండినవాడు దినమునకు 500 బాతుల చొప్పున 20,000 బాతుల వఱకు చెల్లింపవలయును; మిక్కిలి కాలము దాటినచో కొన్ని యేండ్ల వఱకు మరల ఆ దేశమున నడుగు పెట్టనీయరు. వీసా లేని యాత్రికునికి సయితము ఇతర నిబంధనలు తప్పవు. పాసుపోర్టునకు ఆఱు నెలల గడువైనను మిగిలియుండవలయును. తిరుగు టిక్కెట్టును, బస చేయు చోటును, ఖర్చునకు తగిన ధనమును చూపుమని అధికారి యడుగవచ్చును. థాయిలాండు 2025 మే 1వ తేదినుండి ప్రయాణికు లందఱును ముందుగా కంప్యూటరు ద్వారమున తమ వివరములను పంపవలయునని విధించినది. మలేషియాలోను ఇట్టి కార్డు కలదు. ఇవన్నియు సరిగా నున్నను, లోనికి రానిచ్చుటయు రానీయకుండుటయు విమానాశ్రయములోని అధికారి చేతిలోనే యుండును. వీసా లేదని వీసమెత్తు జాగ్రత్తయైనను విడువరాదు.

మఱియు నిది హక్కు కాదు, మర్యాద. మర్యాద చూపినవారు దానిని మానుకొనవచ్చును. ఇరానుదేశము 2024 ఫిబ్రవరి 4వ తేదినుండి మనవారిని వీసా లేకుండ రానిచ్చెను. విమానముపై వచ్చిన యాత్రికులకు మాత్రమే, ఆఱు నెలలకు ఒకసారి, 15 దినములకు మించకుండ అను నియమములతో ఆ సౌకర్యము కలిగెను. దుర్మార్గులు కొందఱు దీనిని వలగా జేసికొని, ఉద్యోగ మిప్పింతుమనియు, అచ్చటినుండి వేఱు దేశములకు చేర్తుమనియు మన యువకులను నమ్మించి తీసికొనిపోయిరి. అచ్చట దిగినవారిలో కొందఱిని బంధించి, విడుదల కొఱకు వారి యింటివారిని ధన మడిగిరి. తుదకు 2025 నవంబరు 22వ తేదినుండి ఇరాను ప్రభుత్వము ఆ సౌకర్యమును నిలిపివేసెను. నిజముగా చూడబోవు యాత్రికునికిని తలుపు మూయబడెను.

ఇంతకంటె ఘోరమైన సంగతి థాయిలాండు సరిహద్దున జరిగినది. కంప్యూటరు ముందు కూర్చుండు ఉద్యోగ మనియు, మంచి జీత మనియు చెప్పి చదువుకొన్న యువకులను విమాన మెక్కించిరి. వీసా అక్కరలేదు గాన అనుమానించువారు లేకపోయిరి. వారిని మే సోట్ అను సరిహద్దు పట్టణమునకు చేర్చి, మోయీ నదిని దాటించి, మయన్మారు దేశములోని మయావడి ప్రాంతపు ఆవరణములలో పెట్టిరి. అచ్చట వారు చేయవలసిన పని యేమనగా, టెలిఫోనులోను కంప్యూటరులోను పరులను మోసగించి ధనము లాగుట. చేయనివారిని కొట్టుటయు, పాసుపోర్టులను లాగికొనుటయు జరిగెను. 2025 మార్చి 10, 11 తేదులలో మన ప్రభుత్వము వాయుసేన విమానములను పంపి, మొదట 283 మందిని, మఱునాడు 266 మందిని మే సోట్ నుండి స్వదేశమునకు తెప్పించెను. వారిలో తెలుగువారును కలరు. అంతకు ముందు 2024 మే నెలలో, యాత్రికుల వీసాలపై యువకులను కంబోడియాకు పంపి యిట్టి పనులలో చిక్కించిన ఏజెంట్లను విశాఖపట్టణపు పోలీసులు పట్టుకొనిరి. దూరపు కొండలు నునుపను సామెత మన పెద్దలు ఊరక చెప్పినది కాదు.

నేడు మయన్మారనబడు ఆ బర్మా మన తెలుగువారికి క్రొత్త దేశము కాదు. 1937 ఏప్రిలు 1వ తేది వఱకు అది బ్రిటిషు ఇండియాలో భాగమే. వీసా మాట యేలేదు. కాకినాడలోను విశాఖపట్టణములోను ఓడ యెక్కి, సర్కారు జిల్లాల కూలీలు రంగూను రేవునకు వేలకొలదిగా పోయి, ఓడల సరుకు దింపియు, బియ్యపు మిల్లులలో పనిచేసియు జీవించిరి. అచ్చటివారు మనవారిని కోరంగీలని పిలిచెడివారు. తలుపు బార్లగా తెఱచియుండెను. కాని లోపల వారికి రక్ష యెంత? మేస్త్రీకి అప్పుపడి పోయినవాడు ఆ యప్పు తీరునంత వఱకు వాని చేతిలోనివాడే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీరి మనవారు మరల పనిలో చేరినప్పుడు ఆ బర్మీయులు తొలగింపబడిరి. అందుపై పుట్టిన కల్లోలములో మనవా రనేకులు హతులైరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుపై పడిన పిమ్మట, ఓడలలో చోటు దొరకని బీదలు అడవులలోను కొండలలోను నడచి స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో ఆకలికిని వ్యాధులకును ఎందఱో బలియైరి. కావున సులభముగా లోనికి పోగలుగుట యొకటి, లోపల సుఖముగా బ్రదుకగలుగుట మఱియొకటి. పనివానికి కావలసినది రెండవది.

దీనికి కొందఱు ఇట్లు బదులు చెప్పవచ్చును: “కడుపు నిండినవారికి నిబంధనలు, కఱవుసీమవానికి దొరికిన దారియే దారి. పని వీసాకై నెలలు కాచుకొనునంత వఱకు ఇంటిలో పొయ్యి యెట్లు వెలుగును?” ఈ మాటలో బాధ కలదు, దానిని నేను తేలికగా త్రోసివేయజాలను. వానలు తప్పినప్పుడు ఈ సీమవాని యప్పు ఎట్లు పెరుగునో మన మందఱ మెఱుగుదుము. పోవలదని నేను చెప్పుట లేదు. కాని అప్పు చేసి ఏజెంటునకు లక్షలు పోసి, యాత్రికుని వేషముతో పనికి పోయినవాడు, జీతము రాకున్న ఎవరికి మొఱ పెట్టుకొనగలడు? కచ్చేరికి పోయిన మొదటి నేరస్థుడు తానే యగును. ఈ భయమును ఎఱిగియే యజమానుడు వానికి సగము కూలి యిచ్చును, లేక అదియు నీయడు. అప్పు తీర్చుటకు పోయినవాడు రెండవ యప్పుతో తిరిగి వచ్చును. దరిద్రునికే సరియైన పత్రము మిక్కిలి అవసరము; ఏలయన వానికి పత్రము తప్ప వేఱు అండ లేదు.

సరియైన దారి మన దేశపు చట్టములోనే కలదు. 1983వ సంవత్సరపు వలసల చట్టము ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారిలో పెక్కుమంది పాసుపోర్టులపై వలస తనిఖీ యవసరమను ముద్ర యుండును. అట్టివారు గల్ఫు దేశములును, మలేషియా, థాయిలాండులును చేరిన 18 దేశములకు ఉద్యోగమునకై పోవునప్పుడు, వలసదారుల సంరక్షకాధికారి వారి ఒడంబడికను పరీక్షించి అనుమతి నిచ్చును. చూడబోవుచున్నామని చెప్పినవారికి ఈ పరీక్ష లేదు. మోసగాడు యాత్రికుని దారిని చూపుటకు కారణ మిదియే: అచ్చట ఒడంబడికను చదువు అధికారి లేడు. లైసెన్సు గల ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే తీసికొనవలయును, రసీదు నీయవలయును. సంరక్షకాధికారి యనుమతితో పోవు పనివానికి రెండేండ్లకు 275 రూపాయలు చెల్లించిన 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కలదు. యాత్రికుని వేషమున పోయినవానికి ఇవేవియు దక్కవు.

విద్యార్థులారా, పదవ తరగతి పరీక్షలో తప్పినవారిని ఊరడించుటకు “చదువు లేకున్న నేమి, విదేశమునకు పోవచ్చును” అని చెప్పువారు కలరు. కాని మీ పాసుపోర్టుపై ఏ ముద్ర పడునో నిర్ణయించు పత్రములలో ఆ తరగతి యోగ్యతాపత్రము ముఖ్యమైనదని మఱువకుడు. అయితే చదివినవాడు మోసపోడనుటయు సరి కాదు. మయావడిలో చిక్కుకొన్నవారికి ఇంగ్లీషు వచ్చును, కంప్యూటరు వచ్చును. వారికి రానిది ఒక్కటే: చేతిలోని పత్రము ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పుట లేదో నిదానించి చదువుట.

ఈ చదువును పాఠశాలలే చెప్పవలయునని నా మనవి. భూగోళ పాఠమున దేశముల రాజధానులను నేర్పుచున్నాము. దానితో పాటు పై తరగతులవారికి సంవత్సరమునకు నాలుగు గంటల కాలము పాసుపోర్టును, వీసాను, ఉద్యోగపు ఒడంబడికను చదువుట నేర్పిన యెడల భూగోళమునకు నష్టము లేదు, బాలురకు లాభము కలదు. ఇందుకు క్రొత్త ఉపాధ్యాయుడును అక్కరలేదు, క్రొత్త భవనమును అక్కరలేదు.

తలిదండ్రులకు ఒక్క విన్నపము. మీ బిడ్డను విదేశమునకు పంపుదునని వచ్చినవానిని నాలుగు ప్రశ్న లడుగుడు. నీ లైసెన్సు సంఖ్య యేది? పని యిచ్చు యజమానుని వ్రాతపూర్వకమైన ఒడంబడిక యేది? ముద్ర పడునది యాత్రికుడనియా, పనివాడనియా? నా సొమ్మునకు రసీదు నిత్తువా? మొదటి ప్రశ్నకు జవాబును భారత విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పట్టికలో సరిచూడవచ్చును. ఈ నాలుగింటికి తడబడువాని చేతిలో రూపాయి పెట్టకుడు. “వీసా యే అక్కరలేదమ్మా, అంతయు నేను చూచుకొందును” అని వాడు నవ్విన యెడల, ఆ నవ్వే మీకు చాలిన జవాబు.

లోకమును చూచుట మంచిది. దేశములు తలుపులు తెఱచుటయు మంచిదే. వీలు గలవారు మలేషియాకు పోయి, అచ్చటి తోటలలో పనికి పోయిన తెలుగుల సంతతివారు నేటికిని మన భాషను నిలుపుకొన్న విధమును చూచి రావలయును. అతిథిగా పోవువాడు అతిథి తలుపున పోవును గాక. పనికి పోవువాడు పనివాని తలుపున పోవును గాక. రెండవ తలుపు ఇరుకైనదే, అచ్చట కాచుకొన వలసినదే. అయినను కూలి యడుగుటకు హక్కును, ఇల్లు చేరుటకు దారియు దానియందే కలవు.