మొక్కకు గొడుగు చాలు, ఇల్లు అక్కర్లేదు



వీడియోలో మేము కందికట్టె తడకను మడి మీద నిలబెట్టడం, సాయంత్రం దాన్ని తీసి గట్టుకు ఆనించడం చూశారు కదా. అది చూసి మా పక్క పొలం తమ్ముడు "ఇదేందన్నా, మొక్కలకు గుడిసె కడ్తున్నవా?" అని నవ్విండు. గుడిసె కాదు, గొడుగు. గుడిసె కడితే అక్కడే ఉంటది. గొడుగు అవసరం ఉన్నప్పుడు విప్పుతాం, లేనప్పుడు ముడుస్తాం. కూరగాయలకు నీడ విషయంలో మన రైతుల్లో జరుగుతున్న పొరపాటంతా ఈ తేడా తెలియకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

మాది వికారాబాద్ జిల్లా పూడూరు మండలం. హైదరాబాద్ నుంచి పరిగి పోయే రోడ్డు మా మన్నెగూడ మీదుగానే పోతుంది. ఇక్కడ కూరగాయ పండిస్తే పొద్దున్నే పట్నం మార్కెట్‌కు చేరుతుంది. అందుకే చిన్న రైతు కూడా పావు ఎకరం, అర ఎకరం కూరగాయ పెట్టుకుంటాడు. ధర పలికేది ఎండాకాలంలో. మొక్క చచ్చేది కూడా ఎండాకాలంలోనే. పైగా మృగశిరకు నాటాలంటే టమాట, మిర్చి, వంగ నారు రోహిణి కార్తెలోనే పెరగాలి. రోళ్లు పగిలే ఎండలో రెండాకుల నారును కాపాడాలన్నమాట.

దీనికి అందరూ చెప్పే మందు ఒక్కటే, పచ్చ షేడ్‌నెట్ ఇల్లు. ఇనుప పైపులు, సిమెంటు దిమ్మెలు, పైన నెట్టు. లెక్క చూద్దాం. 2014 నాటి కేంద్ర ఉద్యాన మిషన్ మార్గదర్శకాల్లో పైపుల షేడ్‌నెట్ ఇంటికి చదరపు మీటరుకు 710 రూపాయలు ఖర్చు కట్టి, అందులో సగం సబ్సిడీ అన్నారు. గుంట అంటే సుమారు 101 చదరపు మీటర్లు. ఆ పాత లెక్కలోనే గుంటకు దాదాపు 72 వేలు. సగం సబ్సిడీ వచ్చిందనుకున్నా 36 వేలు మన జేబులోంచి పోవాలి. ఒక్క గుంటకు! ఆకుకూర అమ్మి అది తీర్చేదెన్నడు?

డబ్బు ఒక్కటే కాదు. పట్నం దగ్గరి ఊళ్లలో భూమి ఎవరి పేరు మీద ఉందో, ఎవరు దున్నుతున్నారో మీకు తెలుసు. ప్లాట్లు, ఫామ్‌హౌస్‌లు పోగా మిగిలిన చేలల్లో చాలావరకు కౌలుకు నడిచేవే. కౌలురైతు సబ్సిడీకి పోతే పట్టా పాస్‌బుక్ ఏదంటారు. సొంత ఖర్చుతో కడదామంటే భూమి ఓనరు సిమెంటు దిమ్మె పాతనివ్వడు. వచ్చే ఏడు ఈ చెలక మనకే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. చెట్లు పెంచి నీడ తెచ్చుకో అంటారు కొందరు. సుభాష్ పాలేకర్ గారి ఐదంచెల పద్ధతిలో పెద్ద చెట్టు నీడన చిన్న మొక్క పెరుగుతుంది. మంచిదే, నాకు ఇష్టమైన పద్ధతి. తమలపాకు తోటల్లో అవిసె చెట్టు నీడన తీగ పెంచడం మన పెద్దలకు ఎప్పటి నుంచో తెలిసిన పనే. కానీ చెట్టు నీడ ఇచ్చేసరికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పదకొండు నెలల కౌలు కాగితం ఉన్నవాడు ఎవరి కోసం నాటాలి? అట్లాంటి రైతు భూమి వదిలిపోయేటప్పుడు ట్రాలీలో వేసుకుని తీసుకుపోగలిగే నీడ కావాలి.

ఇక మన ప్రకృతి వ్యవసాయం వాళ్లలోనే ఇంకో మాట ఉంది. "జీవామృతం పోస్తున్నాం, ఆచ్ఛాదన వేశాం, ఇక నీడెందుకు?" అని. ఆచ్ఛాదన నేలను కాపాడుతుంది, నిజం. మే నెలలో బోడి నేల పైపొర 50 డిగ్రీలు దాటి కాలుతుంది, గడ్డి కప్పితే ఆ మంట వేరుకు తగలదు. కానీ ఆకు సంగతేమిటి? నాటిన నాలుగు రోజుల వరకు మొక్కకు కొత్త వేరు పట్టదు. పైనుంచి ఎండ ఆకులోని నీళ్లు లాగేస్తుంటే, కింద వేరు అన్ని నీళ్లు అందించలేదు. అప్పుడు కింద ఎంత గడ్డి ఉన్నా పైన తలవాల్చుతుంది. మట్టి ఆచ్ఛాదన, గడ్డి ఆచ్ఛాదన, సజీవ ఆచ్ఛాదన అని మూడు చెప్తారు కదా. పందిరిని నాలుగోదిగా లెక్కపెట్టుకోమంటాను నేను. ఎవరన్నా శాస్త్రం తెలిసినవాళ్లు కోప్పడితే పడనీయండి.

అట్లని అన్నింటికీ నీడ వేయకండి. నిండు ఎండలో సగం వెలుతురుతోనే టమాట, వంగ ఆకు తన వంట తాను వండుకుంటుంది. మిగతా ఎండ దానికి వేడి మాత్రమే. కొత్తిమీర, పాలకూర, మెంతి ఎండాకాలం నీడ లేకుంటే నిలవవు, వేడికి త్వరగా పూతకు పోతాయి. తోటకూర కథ వేరు. అది జొన్న, మొక్కజొన్నల జాతి పని చేస్తుంది, ఎంత ఎండ ఉంటే అంత బాగా వాడుకుంటుంది. తోటకూర మడి మీద తడక వేస్తే మీరే దాని నోటికాడి కూడు లాక్కున్నట్టు. ఒకే ఇంటి కింద అన్నీ పెంచే షేడ్‌నెట్‌లో ఈ తేడా చూపించలేం, తడకతో చూపించగలం.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. పక్కలు తెరిచిన పందిరి గాలిని చల్లబరచదు. ఆకు వేడి తగ్గుతుంది, నేల వేడి తగ్గుతుంది, గాలి వేడి అట్లనే ఉంటుంది. కాబట్టి 40 డిగ్రీల మే నెలలో తడక వేసి టమాట కాయ దిగాలంటే దిగదు, పగలు 35 దాటి రాత్రి కూడా ఉక్కపోస్తుంటే పూత రాలుతుంది. తడక పని నారును, కొత్తగా నాటిన మొక్కను, ఆకుకూరను కాపాడటం. అంతకు మించి ఆశ పెట్టి ఎవరైనా అమ్మితే కొనకండి.

ఇప్పుడు కట్టే సంగతి. మా దగ్గర కంది ఎక్కువ. తాండూరు కందిపప్పు పేరు వినని తెలుగువాళ్లు ఉండరు, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పుకు అంత పేరు, కట్టెకు మాత్రం విలువ లేదు. కొంత పొయ్యిలోకి పోతుంది, మిగతాది చేను గట్టున కాలబెడతారు. నిటారుగా, ఐదారడుగుల పొడుగున్న కట్టె అది. మనం షాపుకు పోయి కొనే సామాను మన చేలోనే కాలిపోతుంటే చూస్తూ ఉంటాం.

ఆరడుగుల వెదురు బొంగులు రెండు నిలువుకు, నాలుగడుగులవి మూడు అడ్డానికి తీసుకుని చట్రం కట్టండి. వెదురు లేకుంటే సుబాబుల్, నీలగిరి సన్న కట్టెలైనా నడుస్తాయి. చట్రం మీద కందికట్టెను పొడుగునా పరిచి, మూడు అడ్డకర్రల దగ్గర సుతిలితో బిగించాలి. కట్టెకు కట్టెకు మధ్య కట్టె మందమంత సందు వదలండి. కింద తెల్లగుడ్డ పరిచి చూస్తే ఎండ చార, నీడ చార సగం సగం పడాలి. ఇద్దరు కూర్చుంటే ఒక పూటలో రెండు తడకలు అవుతాయి. ఒక్క మనిషి ఎత్తి పక్క మడికి మార్చగలగాలి, అదే నా కొలత. ఎత్తలేనంత బరువైతే రెండో రోజు నుంచి ఎవరూ తీయరు. అప్పుడది మళ్లీ గుడిసే అవుతుంది.

కట్టె ఏ దిక్కుకు ఉండాలన్నది చిన్న విషయం అనుకుంటారు. అసలు కిటుకు అక్కడే ఉంది. కట్టెలు ఉత్తరం దక్షిణంగా ఉండాలి. అప్పుడు సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతుంటే నీడ చారలు కూడా మడి మీద జరుగుతూ పోతాయి. ఏ ఆకూ గంటల తరబడి ఎండలో ఉండదు, గంటల తరబడి చీకట్లోనూ ఉండదు. కట్టెలు తూర్పు పడమరగా ఉంటే చార దాదాపు కదలదు, ఒక మొక్క మాడుతుంది, పక్క మొక్క సాగుతుంది. మీ మడి తూర్పు పడమరగా ఉంటే కట్టెను చట్రానికి అడ్డంగా కట్టుకోండి, అంతే.

రెండోది వాలు. మా ప్రాంతంలో మే 9కి అటూ ఇటూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు ఎండ కొంచెం ఉత్తరం వైపు నుంచే వస్తుంది. కాబట్టి దక్షిణం పక్కన తడక నిలబెట్టి లాభం లేదు. మొక్కను కొట్టేది పైనుంచి వచ్చే ఎండ, ఆ తర్వాత పడమర, వాయవ్యం నుంచి వచ్చే ఎండ. తూర్పు కాళ్లు మూడున్నర అడుగులు, పడమటి కాళ్లు రెండున్నర అడుగులు పెట్టి తడకను పడమరకు వాల్చండి. మూడడుగుల ఎత్తున్న పందిరి నీడ మధ్యాహ్నం మూడింటికి రెండున్నర అడుగులు తూర్పుకు జరిగిపోతుంది. సరిగ్గా మడి పైన పెట్టారనుకోండి, ఎండ గట్టిగా ఉన్న వేళకు నీడ కాలిబాటలో ఉంటుంది, మొక్క ఎండలో ఉంటుంది. అందుకే తడకను ఒకటి, ఒకటిన్నర అడుగు పడమరకు జరిపి నిలబెట్టాలి. కాగితం, లెక్క అక్కర్లేదు. ఒక రోజు రెండున్నరకు పోయి నీడ ఎక్కడ పడిందో చూసి జరపండి.

కాళ్లను మట్టిలో పాతితే ఒక వానకే చెద పడుతుంది. మాకు తాండూరు బండ తుంటలు దొరుకుతాయి, ఒక్కో కాలు కింద ఒకటి పెడతాం. ఇంకో తుంటకు తాడు కట్టి చట్రానికి వేలాడదీస్తే గాలిదుమారానికి తడక లేవదు. బండ మొక్క మొదలుకు ఆనకుండా చూసుకోండి, మధ్యాహ్నం అది పెనంలా కాలుతుంది. కంది లేని ఊళ్లలో పత్తికట్టె, వావిలి, ఈతకమ్మ, తాటికమ్మ ఏదైనా సరే. కమ్మలు వాడితే మాత్రం ఒకదాని మీద ఒకటి పరచకండి. కిందికి వెలుతురే రాదు.

మరి నెట్టు అసలే వద్దా? నేను అంత మడి కట్టుకుని కూర్చోలేదు. ఇంట్లో పాత నెట్టు ఉంటే అదే చట్రానికి కట్టి వాడుకోండి. కొనాల్సి వస్తే 35 శాతమో, 50 శాతమో చూడండి, కూరగాయకు 75 శాతం వద్దు. నా కోపం చవక నెట్టు మీద. రెండు ఎండాకాలాలకే పొడిపొడిగా రాలి దారప్పోగులు మట్టిలో కలుస్తాయి. మా ఊళ్లోనే ఒక చేలో చూశాను, వానపాముల పక్కన పచ్చటి ప్లాస్టిక్ తునకలు. ప్లాస్టిక్ మల్చింగ్ వద్దని మనమే చెప్తాం, తలకాయ మీదున్న ప్లాస్టిక్‌కు మాత్రం కళ్లు మూసుకుంటాం.

వేయడం కంటే తీయడం ముఖ్యం. కొత్తగా నాటిన మొక్కకు నాలుగు రోజులు పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నీడ ఇవ్వండి. ఐదో రోజు నుంచి గంట గంట తగ్గిస్తూ ఎనిమిదో రోజుకు పూర్తిగా తీసేయండి. నారుమడికైతే పీకే ముందు వారమంతా ఇట్లనే ఎండ అలవాటు చేయాలి. లేకుంటే సన్నగా సాగిన నారు చేలో పెట్టిన రోజే పడిపోతుంది. నీడ వేసిన మడికి నీళ్లు తగ్గించండి. ఎండలో పోసినన్ని పోస్తే వాఫస పోతుంది, నారుకుళ్లు వస్తుంది. వేలు మట్టిలో పెట్టి చూసి పోయండి.

2023 మార్చిలో మా జిల్లా మర్పల్లి వైపు వడగళ్లు నేలంతా తెల్లగా పరుచుకున్నది గుర్తుండే ఉంటుంది. అంత వానకు ఏ తడకా ఆగదు. కానీ చిన్న రాళ్లు పడ్డప్పుడు కట్టె మీద పడి పగిలి కింద నారు బతికిన రోజులు మేము చూశాం.

మృగశిర వానలు పడగానే తడకలన్నీ విప్పకుండానే పశువుల కొట్టం అటుక మీద పెట్టేయండి, కట్టె తడిస్తే పుచ్చుతుంది. మాకు ఒక తడక రెండు ఎండాకాలాలు వస్తుంది. ఆ తర్వాత సుతిలి కోసి, కట్టె విరిచి అదే మడి మీద ఆచ్ఛాదనగా వేసి జీవామృతం చల్లుతాం. కొత్త తడకకు కట్టె కావాలంటే కంది కోసి కొట్టిన రోజే నాలుగు మోపులు పక్కకు తీసిపెట్టుకోండి. మార్చిలో ఎండ ముదిరాక వెతికితే ఊళ్లో ఎవరి గట్టు మీదా బూడిద తప్ప ఉండదు.